దిష్టిచుక్క పెట్టిన ఫొటో

అక్టోబరు రెండో శనివారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలు. ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నానంటే, ఫొటో తీసిన టైం ఫోన్‌లోనే పడుతుంది. ఆ ఫొటోను తర్వాత ఫోన్‌లోంచి తీసేశాను. టైం మాత్రం బుర్రలోంచి పోలేదు.

నేను అమెరికాలో క్యారీ అనే ఊళ్లో మా బిడ్డ ఇంట్లో ఉంటాను. పక్కింట్లో జోర్డాన్ నుంచి వచ్చిన అమ్మాయి, ఆమె భర్త, నాలుగేళ్ల కూతురు. ఆ అమ్మాయి పరిచయమైన రోజే నన్ను "ఖాలా" అని పిలిచింది. మా ఊళ్లో పక్కింటి సాయిబుల పిల్లలు మా అమ్మను అలాగే పిలిచేవాళ్లు. పిన్ని అన్నట్టు. అమెరికాలో దారిన పోయే ప్రతివాళ్లకీ ఆంటీనైన నేను, ఆ ఒక్క పిల్లకు ఖాలానయ్యాను.

బయటికి వస్తే తలకు గుడ్డ కట్టుకుంటుంది. మా వంటింట్లో ఆడవాళ్లమే ఉంటే తీసి కుర్చీకి వేస్తుంది. ఫోన్‌లో తన ఫొటో ఉండాల్సిన చోట గులాబీ పువ్వు పెట్టుకుంది. "నీ మొహం గులాబీనా?" అని ఎగతాళి చేశాను. నవ్వింది. వాళ్లవైపు ఆడవాళ్ల పెళ్లి విందుల్లో ఎవరూ ఫొటోలు తీయకుండా గుమ్మం దగ్గరే ఫోన్లు తీసుకుని సంచిలో వేస్తారని చెప్పింది. తన చెల్లెలు మాత్రం రోజుకో ఫొటో పెడుతుందట. "అది దాని ఇష్టం, ఇది నా ఇష్టం" అంది. మా బిడ్డ ఇదంతా తెలుగులో చెప్తుంటే, "అర్థమైందిలే, దిష్టి" అన్నాను.

"దిష్టి కాదే అమ్మా."

"మరేంది? గదే."

నాకు కావలసినట్టు అర్థం చేసుకున్నాను.

ఇంకో సంగతి చెప్పాలి. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై మూడో ఏట, ఈ ఊళ్లోనే. మనవరాల్ని ఆదివారం తెలుగు క్లాసుకు తీసుకెళ్లి, దాని పక్కనే పొట్టి కుర్చీలో ఇరుక్కుని కూర్చుని నేర్చుకున్నాను. అప్పటినుంచి ఫోన్‌లో నా పేజీ నాకు పలక. వంకాయ కూర వండితే రాస్తాను, ఇంటి వెనక చెక్క డెక్ మీద ఎర్రపిట్ట వాలితే రాస్తాను. ఎవరైనా మెచ్చుకుంటే ఆ పూట ఆకలే తెలియదు, అంత సంబరం.

ఆ శనివారం ఆ అమ్మాయి మా వంటింట్లో తలగుడ్డ తీసి, జడ వేయమని నా ముందు పీట మీద కూర్చుంది. నడుం దాటిన జుట్టు. కొబ్బరినూనె పెట్టి, పాయలు తీసి, గట్టిగా అల్లాను. "ఖాలా, తల ఊడొస్తుంది!" అని అరిచింది. "ఊడితే మళ్లీ అతికిస్త, కదలకు" అన్నాను. ఆమె కూతురు బల్ల కింద గరిటెలతో ఆడుకుంటోంది. మా బిడ్డ పొయ్యి దగ్గర నిలబడి ఆమె మాటలు నాకు, నా మాటలు ఆమెకు చెప్తోంది. జడ అంత బాగా కుదిరాక చేతులు ఊరుకుంటాయా? ఫొటో తీస్తానన్నాను. "జడ ఒక్కటే. మొహం వద్దు" అంది. సరేనని వెనకనుంచి ఒకటి తీశాను. అంతలో మనవరాలు, "ఆంటీ, యూ లుక్ లైక్ మై డాన్స్ టీచర్!" అనేసరికి ఆమె పకపకా నవ్వుతూ ఇటు తిరిగింది. నా వేలు మళ్లీ నొక్కింది.

రెండు ఫొటోలు. మొదటిదాంట్లో జడే ఉంది. రెండోదాంట్లో జడ భుజం మీదుగా ముందుకు పడి ఉంది, మొహమంతా నవ్వు. రెండోదే బాగుంది. ఫోన్‌లో గీసే కలం ఉంటుంది కదా, దాంతో ఆమె చెంప మీద నల్లగా దిష్టిచుక్క పెట్టాను. "నా చేత్తో వేసిన జడ" అని రాశాను. ఎవరు చూడాలి అని ఫోన్ అడిగింది. అం, ద, రూ. కూడబలుక్కుని చదివాను. "అందరూ." నొక్కాను.

మంగళవారం ఆమె వచ్చింది. గడప దాటలేదు. ఆమె భర్త ఆఫీసులో పనిచేసే, ఆమెను ఎరిగిన తెలుగాయన ఎవరో, "మా జడలో మీ ఆవిడ భలే ఉంది బ్రదర్" అని ఫోన్ చూపించాడట. ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. "మా ఆయన ఏమీ అనలేదు" అంది ఆమె. "కోపం నాది. నా జుట్టు ఎవరు చూడాలో చెప్పాల్సింది నేను."

మా బిడ్డ నా ఫోన్ లాక్కుంది. "ఏం చేసినవే అమ్మా!" అని, వెంటనే ఆమెవైపు తిరిగి ఇంగ్లిష్‌లో సర్దిచెప్పింది. అందులో రెండు ముక్కలు నాకు బాగా తెలుసు: కాంట్ రీడ్. చదువు రాదు, తెలియక నొక్కింది అని. బతుకంతా ఆ మాట నన్ను కోసింది. ఆ రోజు ఆ మాట చాటుకే పోయి నిలబడ్డాను. రాదన్నట్టు తలూపాను.

"ఇట్స్ ఓకే, ఆంటీ" అంది.

ఆంటీ.

పది రోజులు ఆగాను. మనసు ఊరుకోలేదు. మా బిడ్డ పనిలో ఉన్న వేళ చూసి, మనవరాల్ని వెంటపెట్టుకుని వాళ్ల తలుపు కొట్టాను.

"చెప్పు, నాకు చదువు వచ్చని. అందరూ అని చదివే నొక్కిన అని."

"అమ్మమ్మా, రియల్లీ? నేనే చెప్పాలా?" తొమ్మిదేళ్ల పిల్ల మొహం మాడ్చుకుంది. తప్పు నాది, నోరు దానిది. చెప్పింది.

ఆమె తన చెంప మీద వేలు పెట్టి ఏదో అంది.

"ఏమంటుందే?"

"తెలుసు అంటుంది. నువ్వు డాట్ పెట్టినవు కదా. ఎవరూ చూడరంటే డాట్ ఎందుకు, అంటుంది."

తప్పు చేశాను, అన్నాను. అది మనవరాలు చెప్పక్కర్లేకుండానే ఆమెకు అర్థమైంది.

ఎంతమంది చూశారు అని అడిగింది. తెలియదన్నాను. అదీ నిజమే, తీసేసేలోపు ఎన్ని ఫోన్లు తిరిగిందో ఎవరు చెప్పగలరు? ఆమె తల అడ్డంగా ఊపి, "ఆ రోజు నేను గదిలో ఎవరెవరున్నారో లెక్కపెట్టుకునే గుడ్డ తీశాను" అంది. మనవరాలు ఆ మాట తెలుగులో చెప్తూ గొంతు తగ్గించేసింది.

ఇప్పటికీ ఎదురైతే పలకరిస్తుంది. ఆంటీ అనే.

ఆమె లెక్కలో ఆ రోజు మా వంటింట్లో ఉన్నవాళ్లు వీళ్లు: ఆమె, బల్ల కింద ఆమె కూతురు, మా బిడ్డ, నా మనవరాలు, నేను.