తోలు మీద మోపిన నేరం

2010 చివర్లో నన్ను జనగామ సర్కారు దవాఖానకు చెవి ముక్కు గొంతు డాక్టరుగా బదిలీ చేశారు. జనగామ అప్పటికింకా జిల్లా కాదు, వరంగల్ కింద ఒక డివిజన్ పట్టణం. నా హోదా డిప్యూటీ సివిల్ సర్జన్. పేరు ఘనంగానే ఉంటుంది కానీ, ఇచ్చిన గదికి ఒక గోడ అవతల జనరేటర్, ఇంకో గోడ అవతల బస్సులు మలుపు తిరిగే రోడ్డు. వినికిడి పరీక్షకు ఇంతకంటే పనికిరాని గది వెతికినా దొరకదు.

ఆడియోమీటర్ ఉంది. సన్నని శబ్దం నుంచి లావు శబ్దం దాకా, ఒక్కొక్కటీ ఎంత మెల్లగా మోగితే రోగికి అందుతుందో కొలిచే యంత్రం అది. నేను వెళ్లేసరికి స్టోరు గదిలో దాని మీద ఎవరిదో టిఫిన్ డబ్బా ఉంది. ఇన్నాళ్లూ చెవులు ఎలా పరీక్షించారని అడిగితే మా సూపరింటెండెంట్ గారు దాచుకోకుండా చెప్పారు. రోగిని అటు తిప్పి నిలబెట్టి, వెనక నుంచి పేరు పెట్టి గట్టిగా పిలుస్తారట. తిరిగి చూస్తే చెవులు బాగున్నట్టు, చూడకపోతే మనిషికి పొగరున్నట్టు. ఆయన స్వయానా సర్జన్. కడుపులో గడ్డను కూడా ఇలాగే పేరు పెట్టి పిలిచి కనుక్కుంటారా అని అడగాలనిపించింది, అడగలేదు.

మరుసటి ఏడు ఎండాకాలంలో లచ్చవ్వ అనే ఆమె వచ్చింది. జనగామ పక్క పల్లె. రోగం తనది కాదు, మొగుడు సారయ్యది. సారయ్య పేరు నేనూ విన్నాను. తెలంగాణ ఉద్యమ సభ ఎక్కడ జరిగినా ముందు వరసలో డప్పు పట్టే మనిషి. ఆ రెండేళ్లలో అతను వాయించని ఊరు లేదు. లచ్చవ్వ చెప్పిన లక్షణాలు ఇవి. భార్య గొణుగుతోందని కసురుతాడు. టీవీ పెద్దగా పెడతాడు, పెట్టాక చెవులు నొప్పి అంటాడు. పడుకుంటే చెవిలో కీచురాయి అరుస్తుందంటాడు.

"నేనెన్నడు గొణుగలే డాక్టరమ్మా. పెండ్లయిన కాన్నుంచి గిదే గొంతు. గిప్పుడు కొత్తగ గొణుగుతున్ననంట" అంది.

అప్పటికే ఊళ్లోని ఆర్ఎంపీ గారు గుబిలి పేరుకుందని పిచికారీ కొట్టారు. అది ఫలించక, వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయించారు. చెవి కనబడితే చాలు, మన వాళ్లకు దానిలో ఏదో ఒకటి పోయాలనిపిస్తుంది. అంత నూనె తాలింపులో వేసుకున్నా ఒక పూట గడిచేది.

అయితే లచ్చవ్వ అసలు వచ్చింది చెవి కోసం కాదు. ఆమె అన్న ఎల్లయ్య తోలు పదును పెట్టి డప్పులు బిగిస్తాడు, సారయ్య డప్పు దళానికి డప్పులన్నీ అతనివే. ఈ మధ్య సారయ్య డప్పులు సభల మధ్యలో పగిలిపోవడం మొదలైంది. మహబూబాబాద్ సభలో ఒకటి, ఘనపూర్‌లో ఒకటి, చెల్పూర్ ధర్నాలో ఇంకొకటి. ఎల్లయ్య కావాలనే నాసి తోలు ఇస్తున్నాడని, ఎదుటి పక్షం వాళ్లు అతన్ని కొనేశారని సారయ్యే అన్నాడు. ఆ మాట అక్కడి ఉద్యమ కమిటీ కన్వీనర్ చెవిన పడింది. ఆయనకు వారానికొక ద్రోహి దొరక్కపోతే అన్నం సయించదు. రాబోయే ఆదివారం సభలో ఎల్లయ్యను తెలంగాణ ద్రోహిగా మైకులో ప్రకటిస్తానని ఊరంతా చెప్పి పెట్టాడు.

"గట్ల మైకుల జెప్పినంక మా అన్న తోలు ఎవ్వలు ముడుతరు? ఆయనకు గా పని దప్ప ఇంకోటి రాదు. ఇటు జూస్తే మొగడు, అటు జూస్తే అన్న. ఎవ్వల దిక్కు మాట్లాడాలె నేను?" అంది లచ్చవ్వ. ఆమె ఏడవలేదు. కోపంగానే అంది.

నేనూ రాష్ట్రం కావాలనుకున్న మనిషినే, దవాఖాన గేటు ముందు నల్ల బ్యాడ్జి పెట్టుకుని నిలబడినదాన్నే. పగిలిన డప్పులో కుట్ర వెతికే పెద్దమనిషికి ఇంత మందిని నడిపించే పని ఎవరు అప్పగించారా అని మాత్రం ఒళ్లు మండింది.

ఆ మధ్యాహ్నమే సారయ్యను రప్పించి చెవిలోకి దీపం వేసి చూశాను. నూనె తుడిచాక కర్ణభేరి ముత్యంలా మెరుస్తూ ఉంది, చిల్లు లేదు, చీము లేదు. సూపరింటెండెంట్ గారు కూడా తొంగి చూసి, చెవి బ్రహ్మాండంగా ఉంది, పంపించెయ్యండి అన్నారు. సారయ్య కూడా తృప్తిగా, "నా తోలు మంచిగనే ఉన్నది మేడం. తోలు కరాబైంది మా బావ డప్పులది" అన్నాడు.

ఆ డప్పులకేమైందో చెప్పమన్నాను. ఎంత కాచినా పుల్ల పలకడం లేదన్నాడు. మరి సిర్ర దెబ్బ ఎలా ఉందని అడిగాను. అది బాగానే ఉందన్నాడు. నాకు కావలసింది అక్కడే దొరికింది.

తెలియని వాళ్ల కోసం చెబుతాను. డప్పు వాయించేవాడి కుడిచేతిలో లావుపాటి కర్ర ఉంటుంది, దాన్ని సిర్ర అంటారు, అది గంభీరంగా మోగుతుంది. ఎడమచేతిలో సన్నని పుల్ల, అది చిటచిటమని సన్నగా పలుకుతుంది. వాయించే ముందు గడ్డి మంట మీద డప్పును కాస్తారు. వేడికి తోలు బిగిసి, పలుకు పైకి లేస్తుంది. ఎంత కాచాలో చెప్పే కొలత ఏదీ లేదు. పుల్లతో కొట్టి, విని, చాలనుకుంటే ఆపుతారు. చాలని చెప్పేది చెవి ఒక్కటే.

ఇక చెవి సంగతి. కర్ణభేరి చప్పుడుకు అదిరి, ఆ అదురును మూడు చిన్న ఎముకల ద్వారా లోపలికి పంపుతుంది. లోపల నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టంలో నీరు, ఆ నీటిలో కంటికి కనబడనంత సన్నని కేశకణాలు ఉంటాయి. నిజంగా వినేవి అవి. గుమ్మం దగ్గరున్న కణాలు సన్నని శబ్దాలను, లోపలి చివరనున్నవి లావు శబ్దాలను అందుకుంటాయి. ఏళ్ల తరబడి పెద్ద చప్పుడు పడితే ముందు చచ్చేవి గుమ్మానికి దగ్గరగా ఉన్నవి. చచ్చినవి మళ్లీ మొలవవు. మనిషికి మాట వినబడుతుంది, స, ష, త, క లాంటి సన్నని ధ్వనులు జారిపోతాయి. కాబట్టి ఎదుటివాళ్లు గొణుగుతున్నట్టు ఉంటుంది. భూపాలపల్లి వైపు పనిచేసిన రోజుల్లో రాతి క్రషర్ల కూలీలలో ఇది బాగా చూశాను. వాళ్లలో ఒక్కడు కూడా నా చెవి పోయిందని రాలేదు. మేస్త్రీ సరిగ్గా మాట్లాడడం లేదనే వచ్చారు.

అనుమానం చాలదు, కొలవాలి. కొలవాలంటే నిశ్శబ్దం కావాలి, ఆ గదిలో నిశ్శబ్దం ఎక్కడిది? అదృష్టవశాత్తు ఎల్లుండికి బంద్ పిలుపు ఉంది. బస్సులు లేవు, హారన్లు లేవు, దుకాణాల షట్టర్లు లేవవు. ప్రభుత్వం ఏనాడూ కట్టివ్వని సౌండ్‌ప్రూఫ్ గదిని కన్వీనర్ గారు పట్టణమంతటికీ ఉచితంగా కట్టిస్తున్నారన్నమాట. అప్పటిదాకా డప్పు ముట్టవద్దని సారయ్యకు చెప్పాను. పెద్ద చప్పుడు విన్న వెంటనే పరీక్షిస్తే చెవి అలిసి ఉండి లెక్క తప్పుతుంది. ఎల్లయ్యను కొత్త డప్పుతో తీసుకురమ్మని లచ్చవ్వకు చెప్పాను.

బంద్ రోజు ముగ్గురూ నడుచుకుంటూ వచ్చారు. బావలిద్దరూ రోడ్డుకు చెరో పక్క, లచ్చవ్వ నడుమ. సారయ్యకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినబడితే వేలు ఎత్తమన్నాను. వినబడే స్థాయి నుంచి తగ్గించుకుంటూ పోయి, వేలు ఆగిన చోట మళ్లీ కొంచెం పెంచి నిర్ధారించుకోవడం పద్ధతి. లావు శబ్దాలకు పిల్లవాడిలా టక్కున వేలెత్తాడు. నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర, అంటే పుల్ల పలుకు తీరులో సన్నగా ఉండే చోట, చాలా పెంచితే గానీ వేలు లేవలేదు. డప్పు ఆనే ఎడమవైపు మరీ అన్యాయం. చెవి వెనక ఎముక మీద, అదురును నేరుగా లోపలి చెవికి పంపే బిళ్ల పెట్టి చూసినా అదే ఫలితం. లోపం లోపలి చెవిదేనని దానితో తేలుతుంది.

సరిగ్గా అప్పుడు తలుపు మీద దబదబా బాదుడు. కన్వీనర్ గారు, మెడలో గులాబీ కండువా, వెనక నలుగురు. బంద్ నాడు ఈ గది తలుపు ఎందుకు మూశారో తనిఖీ చేయడానికి వచ్చారట. మిగతా దవాఖాన తలుపులు తెరిచి ఉన్నందుకు ఆయనకు అభ్యంతరం లేదు, మూసిన తలుపు మీదే కోపం. వచ్చినవాణ్ణి ఎందుకు వదలాలని, పెరట్లోకి రండి, మీ ద్రోహిని చూపిస్తానన్నాను.

మందుల అట్టపెట్టెలు చింపి మంట వేయించాను. ఎల్లయ్య డప్పును సారయ్య చేతికిచ్చి, కాచి, పలుకు రాగానే చెప్పమన్నాను. మిగతావాళ్లు నోరు మెదపకూడదన్నాను. సారయ్య కాచి, పుల్లతో కొట్టాడు. ఖంగున పలికింది. లచ్చవ్వ చెయ్యి చెవి మీదికి పోయింది. సారయ్య తల అడ్డంగా ఊపి, "ఇంక రాలే" అన్నాడు. మళ్లీ మంట మీద పెట్టాడు. మళ్లీ కొట్టాడు. ఈసారి పెరటి గోడ మీది కాకులు లేచిపోయాయి. "ఇంక రాలే" అన్నాడు. కన్వీనర్ ఏదో అనబోతే వేలు చూపించి ఆపాను. మూడోసారి కాస్తుంటే తోలు కమురు వాసన వచ్చింది. ఎల్లయ్య ఇక ఓర్చుకోలేక అతని చేతుల్లోంచి డప్పు లాక్కున్నాడు.

"పగులుతది బావా. ఎప్పుడో వచ్చింది పలుకు. నీకు ఇనబడ్తలేదా?"

సారయ్య అందరి మొహాలూ చూశాడు. భార్య మొహం చివర చూశాడు. ఆమె తల ఊపింది. అతను మంట పక్కనే కూలబడి, "మరి నాకెందుకు చెప్పలే ఎవ్వలు?" అన్నాడు. ఎవరు చెబుతారు? దళం అంతటికీ పలుకు చెప్పేది అతనే.

కన్వీనర్ నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "మేడం, గీ ముచ్చట మన నడుమనే ఉండనియ్యిండ్రి. మెయిన్ డప్పు మనిషికి చెవుల్లేవంటే మన ఇజ్జత్ పోతది. ఎల్లయ్యది నేను మెల్లగ సర్దుత" అన్నాడు. అరవడానికైతే మైకు కావాలి, సర్దడానికి గుసగుస చాలు. ఎల్లయ్య ఇజ్జత్ మాటేమిటని అడిగాను. ఉద్యమంలో చిన్న చిన్నవి జరుగుతుంటాయన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో ఏ ఇబ్బందీ లేదు, అందుకే ఇప్పటికీ అసహ్యం పోలేదు.

ఆదివారం సభకు నేను వెళ్లాను. చెవుల్లో రబ్బరు బిరడాలు పెట్టుకుని వెనక నిలబడ్డాను. చాలామంది దూది పెట్టుకుంటారు. దూదికి దుమ్ము ఆగుతుంది, చప్పుడు ఆగదు. వేదికకు రెండు వైపులా గుత్తులుగా హారన్ స్పీకర్లు కట్టారు, వాటి కిందే డప్పు దళాన్ని నిలబెట్టారు. ఇలా నిలబెట్టే రెండేళ్లలో ఒక మనిషి చెవులు తిన్నారు. కన్వీనర్ ద్రోహుల గురించి చాలాసేపు మాట్లాడాడు, పేరు మాత్రం చెప్పలేదు. ఇదేనన్నమాట ఆయన సర్దడం. జనంలో కొందరు అప్పటికే తిరిగి ఎల్లయ్యను చూస్తున్నారు.

అప్పుడు సారయ్య వేదికెక్కి మైకు అందుకున్నాడు. చెవి సరిగ్గా లేని మనిషి కనుక అవసరానికి మించి గట్టిగా అరిచాడు.

"తోలు మంచిదే. నా చెవే సెడ్డది. నాకు ఇనబడక ఎక్కువ కాసిన, గందుకే పగిలినయి. మా బావ తప్పు లేదు. ద్రోహి అన్నది నేనే, గా మాట ఎనుకకు తీసుకుంటున్న."

కన్వీనర్ పరుగున వచ్చి మైకు లాక్కుని జై తెలంగాణ అన్నాడు. జనం కూడా అన్నారు, చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఎవరికో ఆయనకు అర్థమైనట్టు లేదు, చెయ్యి ఊపాడు.

కింద ఎల్లయ్య జనంలోంచి ముందుకు వచ్చాడు. వెళ్లి సారయ్య డప్పు తీసుకుని మంట మీద కాచాడు. తనే పుల్లతో కొట్టి విని, సరిపోయాక తెచ్చి అతని భుజానికి తగిలించి, వీపు మీద ఒక్కటి చరిచాడు. వాయించమని దాని అర్థం. ఆ తర్వాత వాళ్లు వెళ్లిన ప్రతి సభలో అదే పద్ధతి నడిచిందని లచ్చవ్వ చెప్పింది. కాచడం ఎల్లయ్యది, వాయించడం సారయ్యది. దళాన్ని స్పీకర్ల కింద నుంచి పక్కకు జరిపించాను, బిరడాలు ఇచ్చాను. ఉన్న వినికిడి నిలిచింది. పోయింది రాలేదు, రాదని ముందే చెప్పాను.

ఈ సంగతి నా పని తీరులో ఒకటి మార్చింది. అంతకుముందు ఫిర్యాదు విని, ఫిర్యాదులో ఉన్న వస్తువు గురించి అడిగేదాన్ని. తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, ఎవరు వచ్చి భార్య గొణుగుతోందన్నా, కోడలు నోట్లో మాట్లాడుతోందన్నా, టీవీ చెడిపోయిందన్నా, వాటి గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. చెప్పినవాణ్ణే లోపల కూర్చోబెట్టి, తలుపు వేసి, హెడ్‌ఫోన్లు పెట్టాను.