పంపులక్క అప్పీలు

చేతిపంపు ఒక్కసారి కొట్టి చూస్తే చాలు, లోపల వాషర్ అరిగిందో, పైపుకు చిల్లు పడిందో ఆమె ఇట్టే చెప్పేసేది. అందుకే అందరూ పంపులక్క అనేవారు. భర్త పోయాక ఆయన పానాలు, రెంచీలు తనే పట్టుకుని, ఇరవై ఏళ్లు తొమ్మిది వాడల పంపులు బాగుచేసింది. చివరికి ఆ పంపులకు ఆమె చేతికి లొంగని రోగం వచ్చిపడింది. ఏటేటా సముద్రం ముందుకు జరిగి, ఏ పంపు కొట్టినా ఉప్పునీళ్లే పడసాగాయి. రెండు తుఫాన్ల తర్వాత వాడలో ఇల్లన్నది మిగల్లేదు. అత్తగారిని వెంటబెట్టుకుని సరిహద్దు దాటేసింది.

కొత్త దేశంలో, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని దొరికింది. శరణార్థిగా గుర్తించమని పెట్టుకున్న దరఖాస్తును మాత్రం కొట్టేశారు. సముద్రం ఎవరినీ వేధించదట. శరణు ఇవ్వాలంటే మనుషులు వేధించి ఉండాలట. అప్పీలు వాదించడానికి ఒక లాయరమ్మ ఒప్పుకుంది. ఆవిడకు తల్లివైపు నుంచి వీళ్ల భాష వచ్చు.

విచారణకు నాలుగు రోజుల ముందు ఆవిడ మామూలుగానే అడిగింది.

“తుఫాను తర్వాత తాగడానికి నీళ్లెలా?”

“ట్యాంకరు వచ్చేదండి.”

“మీ వాడకా?”

“మా వాడకెందుకొస్తుందండీ. మేం మొక్కే దేవుడు వేరు కదా. పక్క వాడదాకా వచ్చి వెనక్కి తిరిగేది.”

లాయరమ్మ కలం ఆగిపోయింది. “మీరు అడగలేదా?”

“అడిగాం. ఎనిమిదిమందిమి వెళ్లి ఆఫీసు ముందు కూర్చున్నాం. పోలీసులు కొట్టారు. నన్ను మూడు రోజులు స్టేషన్లో పెట్టారు. మళ్లీ నోరెత్తితే ప్రాణాలుండవన్నారు.”

“ఇదంతా మొదటిసారి ఎందుకు చెప్పలేదక్కా?”

“వాళ్లు తుఫాను గురించి అడిగారు, అదే చెప్పా. దెబ్బలు మాకు కొత్తేం కాదుగా.”

లాయరమ్మ లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. “మీ నీళ్లు పాడుచేసింది సముద్రమే. మంచినీళ్లు మీదాకా రానివ్వనిది మాత్రం మనుషులు. మన కేసంతా అక్కడే ఉంది. ఏదైనా కాగితం ఉందా?”

ఆ సాయంత్రం ఇంట్లో ఒక్క సంచీ మిగలకుండా తిరగేసింది పంపులక్క. అత్తగారు మంచం మీంచి అంతా చూసి, “ఏం వెతుకుతున్నావే?” అంది.

“స్టేషన్ కాగితమేదైనా ఉందేమోనని, అత్తయ్యా.”

“పానాల సంచి లాక్కుని రశీదిచ్చారుగా, అదా?” అంటూ కళ్లజోడు పెట్టె అడుగునుంచి మడత కాగితం తీసింది. “పానాలు ఎప్పటికైనా తిరిగిస్తారేమోనని దాచా.”

దానిమీద తేదీ ఉంది, స్టేషన్ ముద్ర ఉంది. పంపులక్క అత్తగారిని పట్టుకుని ఊపేసింది. “వదులు, ఎముకలు విరుగుతాయి,” అని ముసలావిడ నవ్వింది.

విచారణ రోజు ప్రభుత్వం తరఫు లాయరు దుబాసీ ద్వారా అడిగాడు. “మీ దేశంలోనే మరో ఊరికి వెళ్లి బతకొచ్చుగా?”

“వెళ్లామండి, రెండు ఊళ్లకి. గుర్తింపు కార్డు మీద మా మతం రాసుంటుంది. అక్కడా అది చూసే వాళ్లవాళ్లకి నీళ్లు పోశారు, అది చూసే మాకు పోయలేదు.”

జడ్జి రశీదును వెలుతురుకు పట్టి చూసి, దాని అనువాదాన్ని రెండుసార్లు చదివి, గంటలో తీర్పు చెబుతానని లోపలికెళ్లాడు. పంపులక్క కోర్టు వసారా ఎన్నిసార్లు కొలిచిందో లెక్కలేదు. అత్తగారు మాత్రం బెంచీ మీద హాయిగా కునుకు తీసింది.

తీర్పు ఆ దేశ భాషలో గడగడా చదువుతుంటే పంపులక్కకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కనున్న లాయరమ్మ చెయ్యి తన చేతిని గట్టిగా పట్టుకోవడం మాత్రం తెలిసింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

బయటికి రాగానే అత్తగారు నిద్రలేచి, “ఏమన్నారు?” అంది.

“ఉండమన్నారు.”

“ఎన్నాళ్లు?”

“ఎన్నాళ్లని లేదత్తయ్యా. ఉండమన్నారు.”

మెట్లు రెండేసి చొప్పున దిగుతూనే, తనతో దెబ్బలు తిని ఇదే దేశంలో తలదాచుకున్న ముగ్గురికీ ఫోన్లు చేసి, ఆ దెబ్బల సంగతి లాయరమ్మకు చెప్పమంది. ఆ ముగ్గురి అప్పీళ్లూ ఏడాది తిరక్కుండానే గెలిచాయి. పంపులక్క నగరపాలక సంస్థలో నీటి పైపుల పనికి పరీక్ష రాసి, రెండో ప్రయత్నంలో నెగ్గింది. మొదటిసారి ఎందుకు తప్పారని ఎవరైనా అడిగితే, భాషవల్లేనని, పైపులవల్ల కాదని కచ్చితంగా చెబుతుంది.