అత్త వెతికిన మగ గొంతు

అత్త పోయిన కబురు నాకు సగమే అర్థమైంది. ఖమ్మం బస్టాండులో ఉన్నాను, చుట్టూ హారన్లు. ఫోన్లో అత్త పక్కింటక్క ఏడుస్తూ, "మీ అత్త పోయింది తమ్మీ, జల్దీ రా. పెట్టె ఏం జెయ్యాలె?" అంది. పెట్టె ఏంది? మాలో కాల్చడమే కదా, పెట్టెలో పెట్టమని వీళ్లకు ఎవరు చెప్పారు? ఇల్లందు బస్సెక్కి, కారేపల్లి దాటాక గానీ నా బుర్రకు వెలగలేదు. ఆమె అడిగింది పాటల పెట్టె గురించి. అప్పుడొచ్చింది ఏడుపు. పక్క సీటు పెద్దమనిషి కిటికీ అద్దం మూసి, "కంట్ల దుమ్ము పడ్డదా?" అన్నాడు. అవునన్నాను.

ఆమె మా నాన్నకు సొంత చెల్లెలు. మామ ఇల్లందు బాయిలో బొగ్గు తవ్వి రిటైరై, ఎక్కువ కాలం ఉండకుండానే పోయాడు. పిల్లలు లేరు. నన్ను "అల్లుడా" అని పిలిచేది గానీ, పెంచినంత పని చేసింది.

అత్తతో మాట్లాడటం అంత సులువు కాదు. ఆమెకు ఏ వస్తువూ 'అది' కాదు. కుక్కరు 'ఆమె', ఫ్యాను 'ఆయన'. "ఆమె కూత పెట్టింది, దించు" అంటే కుక్కరు. "ఆయనకు రెక్కలు అరిగినయ్" అంటే ఫ్యాను. మామ బతికున్నప్పుడు ఆయన కూడా 'ఆయనే'. "ఆయన తిరుగుతలేడు, చూడు" అంటే మామను వెతుక్కుంటూ వీధి చివరిదాకా పోయి వచ్చాను ఒకసారి. ఇంట్లో ఫ్యాను ఆగిపోయి ఉంది. "నిన్ను చదివిపిచ్చుడు దండుగ" అంది అత్త.

మామ పోయిన మరుసటి ఏడు ఖమ్మంలో మా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పకముందే, "అల్లుడా, పాటల పెట్టె కొనాలె" అంది. టేప్ రికార్డర్ ఉంది కదా అత్తా అంటే, "టేపు గాదురా. తిరిగేటిది. నల్ల పళ్లెం తిరగాలె, ముల్లు ఆని పాడాలె" అంది. ఊరంతా సీడీలు కొంటున్న కాలం. ఈమెకు గ్రామఫోను పిచ్చి ఎందుకు పట్టిందో నాకు తోచలేదు.

మంచినీళ్లు తాగి చెప్పింది. వాళ్ల పెళ్లి పినపాక అవతల, అడవి పక్కన మా తాత ఊళ్లో. కరెంటు లేదు. మైకు సెట్టును బ్యాటరీతో సహా ఎడ్ల బండి మీద తెచ్చారట. చింతచెట్టుకు కట్టిన హారన్లోంచి ఆ రోజంతా ఒక పాట మళ్లీ మళ్లీ వచ్చిందట. మగ గొంతు. మెల్లగా, లోతుగా, ఎక్కడో బాధ పెట్టుకుని పాడినట్టు. మామకు ఆ పాట పట్టుకుంది. డ్యూటీ దిగి వచ్చి, ఒంటి మీద బొగ్గు మసి కడుక్కుంటూ ఆ పాటే తీసేవాడు, అచ్చం అట్లాగే సాగదీసి.

"ఆయన గొంతు మర్చిపోతున్న అల్లుడా. మొఖమంటే ఫోటోల ఉన్నది. గొంతు ఏడున్నది?" అంది. మర్నాడే బయల్దేరాం.

ఖమ్మంలో పాత సామాన్ల కొట్టులో, కుట్టు మిషన్ల వెనక దొరికింది. సూట్‌కేసులాంటి పెట్టె, మూత తీస్తే పళ్లెం, పక్కన చిన్న మీట. పళ్లెం తిరగడం లేదు. అత్త చీర కొంగుతో దాని దుమ్ము తుడిచి, "ఈయన లేస్తడు. పండుకున్నడంతే" అంది. రికార్డులు ఇంకో మూల. అత్త రాగం తీస్తే కొట్టాయన వెంటనే గుర్తు పట్టి, చిన్న రికార్డొకటి తీసిచ్చాడు. "ఇదే గానీ అమ్మా, పాడింది ఆడామె" అన్నాడు.

"కాదు. మగాయన."

"నలభయ్యేండ్ల సంది వింటున్ననమ్మా."

"నా పెండ్లిల నువ్వున్నవా?" అంది అత్త. అతను రికార్డు కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఇల్లందులో ఒక రేడియో మెకానిక్ దాన్ని విప్పాడు. పళ్లేన్ని తిప్పే రబ్బరు చక్రం గట్టిపడి రాయిలా అయిపోయింది. మోటారులో నూనె ఎండి జిగురైంది. ముల్లు అరిగింది. చక్రం కోసం ఎక్కడెక్కడో అడిగి, చివరికి వేరే మిషన్‌ది తెచ్చి గరుకు కాగితంతో అరగదీసి సరిపెట్టాడు. ముల్లు హైదరాబాదు నుంచి వచ్చేదాకా ఆగాం. అత్త ప్రతి సంతరోజూ వచ్చి షాపు ముందు స్టూలు వేసుకుని కూర్చునేది. "ఆయనకు ఎట్లున్నది?" అని అడిగేది. దవాఖానాలో పేషెంటును అడిగినట్టే. కొత్తగా వచ్చిన గిరాకీలు ఎవరికో బాగాలేదనుకుని, పాపం, గొంతు తగ్గించి మాట్లాడేవారు.

పెట్టె లేచింది. రికార్డు పెట్టాం. చక్కటి ఆడగొంతు, చలాకీగా పాడింది. అత్త చివరిదాకా వింది.

"పాట గిదే. మనిషి గీమె గాదు" అంది. కోపం లేదు, అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

తర్వాత నేను పడ్డ తిప్పలు చెప్పుకుంటే నవ్వుతారు. ఖమ్మం, బెజవాడ, ఎక్కడ పాత రికార్డులు కనబడితే అక్కడ ఆ పాటకు మగవెర్షన్ ఉందా అని అడిగాను. లేదన్నారు. ఒకాయన నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించి, "ఆడపిల్ల సిగ్గుపడుతూ పాడే పాటయ్యా, మగాడెందుకు పాడతాడు?" అన్నాడు. నాకూ అనుమానం మొదలైంది. అత్త జ్ఞాపకమే తప్పా? ఒకసారి అడిగాను కూడా, ఆ రోజు ఆడవాళ్ల పాటలేం వెయ్యలేదా అని. "ఒక్కటి గూడ లేదు. మా పెండ్లిల అన్నీ మగోళ్లే పాడిండ్రు" అంది ఘనంగా. అది విని కూడా నాకు వెలగలేదు చూడండి.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇల్లందు వెళ్లాను. గుమ్మం దగ్గరే కాళ్లు ఆగిపోయాయి. లోపల ఒక మగమనిషి పాడుతున్నాడు. మెల్లగా, లోతుగా, ఎక్కడో బాధ పెట్టుకుని. అత్త పెట్టె ముందు కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నన్ను చూసి, "వచ్చిండు అల్లుడా" అంది.

ఎవరొచ్చారు? పెట్టె బాగుపడిందా, పాటగాడు దొరికాడా, మామ వచ్చాడా? ఆమె భాషలో ముగ్గురూ ఆయనే.

దగ్గరకెళ్లి చూశాను. అంతకు ముందు పెద్ద భజన రికార్డు విన్నట్టుంది. మీట పెద్ద రికార్డుల వేగం, ముప్ఫై మూడు మీద ఉంది. చిన్న రికార్డు ఇంకా వేగంగా, నలభై ఐదు మీద తిరగాలి. వేగం తగ్గి, ఆడగొంతు బరువెక్కి మగగొంతు అయింది. అంటే ఆ పెళ్లిలో మైకు సెట్టువాడు రోజంతా మీట మార్చలేదన్నమాట. ఆ ఊళ్లో ఎవరికీ రికార్డు ఎంత వేగంగా తిరగాలో తెలియదు. అడిగినవాళ్లు లేరు. మామ జీవితమంతా అలవాటు చేసుకుని పాడింది, అసలు ఎవరూ పాడని గొంతును.

నా చెయ్యి మీట వైపు పోయింది. "అత్తా, ఇది..."

"ముట్టకు" అంది.

ముట్టలేదు. చెప్పలేదు కూడా. చెప్పాలా? లేని మనిషిని దొరికాడనుకుంటోంది. చెబితే మామ గొంతు రెండోసారి పోతుంది. చెప్పకపోతే నేను తెలిసీ ఊరుకున్నవాణ్ని. ఖమ్మం దాకా బస్సులో అదే లెక్క వేసుకున్నాను, తేలలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా తేలలేదు. ఆమె మాత్రం నాకు చారు పోస్తూ, "ఆయన పొద్దున మంచిగ పాడిండు" అనేది. నేను ఊ కొట్టేవాణ్ని.

అత్త పదో రోజు కార్యం అయ్యాక చుట్టాలు అన్నాలకు కూర్చున్నారు. నేను పెట్టె మూత తీశాను. దసరాకు అత్త ఇంట్లో ఉన్న ప్రతి సామానుకూ బొట్టు పెట్టేది, దీనికీ పెట్టింది. అయితే మూతకు కాదు. మీట దగ్గర ముప్ఫై మూడు పక్కన ఒక కుంకుమ బొట్టు. నలభై ఐదు పక్కన ఇంకొకటి.

అత్తకు అంకెలు రావు. గుర్తు కోసం పెట్టుకుంది. ఒక్కటి అయితే అర్థం చేసుకునేవాణ్ని. రెండెందుకు?

పక్కింటక్క మంచినీళ్లు తెచ్చి నా పక్కన నిలబడింది. "ఎప్పుడు పెట్టినా రెండుసార్లు పెట్టేది తమ్మీ. ముందు ఆమె, మల్ల ఆయన. 'ఆమె అడుగుతది, ఆయన జవాబిస్తడు' అనేది."

"ఇద్దరూ ఒక్క మనిషే అని తెలుసా అక్కా ఆమెకు?"

"ఏమో తమ్మీ. నాకేం తెలుసు? నవ్వేదైతే నవ్వేది."

అత్తా, తెలిసి నవ్వావా? నేను చెప్పడానికి భయపడుతున్నానని కూడా తెలిసే ఊరుకున్నావా? ఎవరిని అడగను ఇప్పుడు?

రికార్డు పెట్టి, మీట నలభై ఐదు బొట్టు దగ్గరికి జరిపి, ముల్లు ఆనించాను. ఆమె పాడింది. ఒక చరణం అయ్యాక, పాట నడుస్తుండగానే, మీట ముప్ఫై మూడు బొట్టు వైపు లాగాను. గొంతు జారడం మొదలైంది. ఆమె ఇంకా పూర్తిగా పోలేదు, ఆయన ఇంకా పూర్తిగా రాలేదు. అన్నం తింటున్న వాళ్లంతా చేతులు విస్తళ్లలోనే ఆపి, ఎవరో వచ్చారేమోనని గుమ్మం వైపు చూశారు.