ఐలవ్వ సాగనంపిన పాములు

మొండయ్య కంట పడ్డ పాము బతికి బయటపడిన దాఖలా ఆ ఊళ్లో లేదు. ధర్మపురి దాటి గోదావరి వెంబడి వెళ్తే వచ్చే ఊరది. చుట్టూ మక్కచేన్లు, పత్తిచేన్లు, వాటిని ఆనుకుని గుట్టలు. గుట్టల్లోంచి అడవిపందులు దిగాయంటే ఒక్క పూటలో చేను చాపలా పడుకుంటుంది. పందుల బాధ మితిమీరినప్పుడు పంచాయతీవాళ్లు అటవీశాఖ అనుమతి తెచ్చుకుని కబురు పెట్టేది మొండయ్యకే. లైసెన్సున్న తుపాకి ఆ చుట్టుపక్కల అతని దగ్గరే ఉంది. అయితే దాచడమెందుకు, సగం సార్లు పంది తప్పించుకునేది. పాము మాత్రం తప్పించుకునేది కాదు.

పాము మీద అతను తూటా ఖర్చు చేయడు. కట్టెతో నడుం మీద ఒక దెబ్బ, గొడ్డలితో పడగ కింద ఒక వేటు, అంతే. అది మీదికొస్తోందా, దాని దారిన అది పోతోందా అన్న విచారణ ఉండదు.

"నేనంటే తప్పించుకుంట. నా ఎన్క డప్పు కొట్టుకుంట వచ్చేటోళ్లు సూస్తరా? రేపు గడ్డి కోసేటామె అండ్ల చెయ్యి పెడ్తే ఏంగావాలె?" అనేవాడు.

ఆ మాటను కొట్టిపారేయలేం. చేన్లో పాము కరిచి పోయినవాళ్లు ఆ ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లలో మొండయ్య సొంత తమ్ముడు ఒకడు.

వేటకు తోడొచ్చే శ్రీహరికి మొండయ్య వరసకు చిన్నాయన. ఆ పిలగాడికి ఈ పద్ధతి నచ్చేది కాదు. పిలగాడంటే ఇద్దరు బిడ్డల తండ్రేలెండి, మొండయ్య లెక్కలో ఇంకా పిలగాడే.

"కాకా, మనం పందికొచ్చినం, అది ఎలుకకొచ్చింది. దాని పని అది చేసుకుంటది, పోనియ్యరాదు" అనేవాడు శ్రీహరి.

"నీకు చుట్టమైతే ఇంటికి తీస్కపో. మంచమేసి పండవెట్టు" అని మొండయ్య ఎకసెక్కమాడేవాడు.

చంపడం మొండయ్య పనైతే, చంపినదాన్ని సాగనంపడం అతని భార్య ఐలవ్వ పని. నాగుపాము చస్తే అలా పారేయకూడదు. నీళ్లు పోయాలి, పసుపు కుంకుమ పెట్టాలి, నోట్లో పైస పెట్టి కాల్చాలి. లేకుంటే పాపం ఇంటిని పట్టుకుంటుందనీ, పాము ముల్లు ఎవరి కాల్లోనో దిగుతుందనీ అక్కడి నమ్మకం. మొండయ్య పామును కట్టెకు వేలాడేసుకుని తెచ్చి ఊరిబయట పడేసి కేకేసేవాడు. ఐలవ్వ పిడకలూ పసుపూ చెంబూ పట్టుకుని వచ్చేది. ఎన్నడూ ఎందుకు చంపినవని అడగలేదు, నేను రానని అనలేదు. అతను నీడన కూర్చుంటే ఆమె ఒక్కతే అంతా కానిచ్చేది. మంట ఆరాక ఇద్దరూ స్నానాలు చేసి అన్నం తినేవాళ్లు. పాపం కడిగే మనిషి ఇంట్లోనే ఉంటే చేతికి అదుపెక్కడిది? ఈ సంగతి మొండయ్యకు తట్టలేదు. తట్టాల్సిన అవసరమూ రాలేదు.

మొన్నటి వానకాలం, మక్కకంకి పాలు పోసుకునే వేళ, సదానందం చేన్లో పందులు పడ్డాయి. రైతులు ఒక పక్కనుంచి డప్పులు కొడుతూ చేన్లోకి దిగారు. మొండయ్య, శ్రీహరి రెండోపక్క గట్టు మీద కాపు కాశారు. డప్పుల అదురుకు పందులకంటే ముందు ఒక నాగుపాము బయటికొచ్చింది. మంచి పొడుగుంది. వీళ్లవైపు చూడనైనా చూడకుండా, గట్టు దిగి రాళ్లకుప్పవైపు సాగిపోతోంది.

"పోతాంది కాకా, పోనియ్యి" అన్నాడు శ్రీహరి గొంతు తగ్గించి.

మొండయ్య తుపాకి కింద పెట్టి కట్టె అందుకున్నాడు. ఒక దెబ్బ, ఒక వేటు. తల తెగి ఇవతల పడింది. సరిగ్గా అప్పుడే పందుల మంద చేను మూలనుంచి బయటపడి, అతను తుపాకి ఎత్తేలోపు గుట్ట ఎక్కేసింది.

"పందిని కొట్టమని పిలిస్తే పామును కొడ్తివా మామా!" అని సదానందం నెత్తి కొట్టుకున్నాడు.

పక్క చేన్లో కలుపు తీస్తున్న ఐలవ్వకు మొండయ్య కేక వినబడింది. ఇంటికి పోయి సామాను తెచ్చింది. నీళ్లు పోసింది, బొట్టు పెట్టింది. ఎప్పుడూ ఆమె పుల్లతో నోరు తెరిచి పైస వేసేది. ఆ రోజు తల విడిగా పడి ఉండటంతో దాన్ని తెచ్చి మొండేనికి ఆనించి, ఎడమచేత్తో అదిమిపట్టి, కుడి బొటనవేలితో రూపాయి బిళ్లను లోపలికి నెట్టింది. తెగిన తల టక్కున నోరు మూసింది.

"అయ్యో, పట్టుకున్నది!" అని ఐలవ్వ చెయ్యి విదిలించింది. తల వేలికే వేలాడింది.

"సచ్చిన పాము పట్టుకునుడేందే? పన్ను గీరుకున్నది గంతే. జర పసుపు రాయి" అన్నాడు మొండయ్య, కూర్చున్నచోటినుంచి లేవకుండానే. పాము ప్రాణంతోనే విషమూ పోతుందని అతని లెక్క. అంత అనుభవమున్న మనిషికి ఆ పాటి సంగతి తెలియలేదు.

శ్రీహరి కత్తిమొనతో ఆ దవడలు విడదీశాడు. రెండుచోట్ల రక్తం ఉబికింది. "సచ్చిందో బతికిందో విషానికేమెరుక కాకా? లే, బండెక్కు!" అని అరిచాడు. ఐలవ్వను మధ్యలో కూర్చోబెట్టుకుని పెద్ద దవాఖానకు బండి తీశారు. దారిలో ఆమె రెప్పలు వాలిపోసాగాయి. ఏదో చెప్పబోతే మాట ముద్దముద్దగా వచ్చింది. తల వెనక కూర్చున్న మొండయ్య భుజం మీద పడింది. అప్పుడు పుట్టింది అతనికి భయం.

"ఏం పాము?" అని అడిగాడు డాక్టరు.

"నాగుపాము సారు. సంపిన."

"కరిచినంక చంపినవా?"

"లేదు సారు" అన్నాడు మొండయ్య. "సంపినంక కరిసింది."

డాక్టరు అతన్ని ఒకసారి ఎగాదిగా చూసి లోపలికి వెళ్లిపోయాడు. విషానికి విరుగుడు ఎక్కించారు. ఊపిరి అందకపోతే గొట్టం వేసి మిషన్‌తో ఆడించారు. ఆమె పోతే అది తన చేతి చావేనని మొండయ్యకు తెలుసు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. వరండాలో గోడవైపు తిరిగి ఏడ్చాడు. తమ్ముడు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఐలవ్వ బతికింది. బొటనవేలి కొస నల్లబడి కుళ్లితే పై కణుపు తీసేశారు. ఇంటికొచ్చాక మొగుణ్ని ఒక్క మాట అనలేదు, ఇకమీదట చంపొద్దని కూడా అనలేదు. తిట్టినా బాగుండునని మొండయ్య అనుకున్నాడు.

ఆ తర్వాత వేటలో పాము అడ్డమొస్తే అతను చెయ్యెత్తి వెనకవాళ్లను ఆపడం మొదలుపెట్టాడు. అది దాటేదాకా అందరూ నిలబడాల్సిందే. "మామకు ముసలితనంల దయ పుట్టింది" అని సదానందం నవ్వితే నవ్వనిచ్చాడు. శ్రీహరి మాత్రం నవ్వలేదు.

పత్తి ఏరే రోజుల్లో ఒక మధ్యాహ్నం సదానందం కొట్టంలో కేకలు లేచాయి. ఏరి పోసిన పత్తికుప్పలో నాగుపాము దూరింది. మొండయ్య వెళ్లి ఆడవాళ్లను బయటికి పంపించాడు, వెనక తలుపు తెరిచిపెట్టాడు, బయటికి పొమ్మని కట్టెతో కుప్పను కదిలించాడు. అది తలుపువైపు పోలేదు. ఎవరో కూలి తల్లి చీరతో కట్టిన ఉయ్యాల కిందికి జరిగింది. కంగారులో అందరూ మరిచిపోయిన పసిబిడ్డ అందులోనే ఉంది. మొండయ్య ఇక ఆలోచించలేదు, చంపాడు. అలా చంపినందుకు అతనికి విచారం లేదు, ఉండనక్కర్లేదు కూడా.

ఐలవ్వను మాత్రం పిలవలేదు. సామాను తనే తెచ్చుకుని, ఊరిబయటికి పోయి, పని ముగించుకుని పొద్దుగూకే ముందు ఇంటికొచ్చాడు. స్నానం చేసినా వాసన పోలేదు.

"పొగ వాసనొస్తున్నవ్. పామును కాలవెట్టొచ్చినవా?" అంది ఐలవ్వ అన్నం వడ్డిస్తూ.

"ఆ."

"నీళ్లు వోసినవా?"

"పోసిన. పసుపు కూడ పెట్టిన."

"మరి పైస?"

మొండయ్య కంచం ముందు తల దించుకున్నాడు.

"పెట్టలే. పుల్ల తీస్కోని నోరు తెరుద్దామని వంగి, అట్లనే లేచిన. నాతోని కాలే. ఇన్నేండ్లు నువ్వెట్ల పెట్టినవే? నీకు భయం కాకపోతుండెనా?"

"ఎందుకు కాదు? పెట్టిన ప్రతిసారి అయితుండె."

"మరి ఒక్కనాడన్న చెప్పలేవేందే?"

ఐలవ్వ గంటె పక్కన పెట్టి అతని మొహంలోకి చూసింది.

"నువ్వు ఒక్కనాడన్న అడిగినవా?" అంది.