మునివేళ్ళ మీద

"మా పిల్ల మడమలు నేలకి ఆనడం లేదండీ, నరాల జబ్బేమో!" మా అంతస్తులోనే ఎదురింటి టైలరమ్మ నాతో మొదట అన్న మాట ఇదే. ఎక్కడో దూరపు ఊరి నుంచి ఈ నగరానికి కొత్తగా వచ్చిందామె. దారాన్ని కత్తిరించదు, కసి తీర్చుకుంటున్నట్టు పళ్ళతో పుటుక్కున తెంపుతుంది. పైన అడుగు గట్టిగా పడితే చాలు, కిందింటి పెద్దాయన చీపురు కర్రతో తన ఇంటి కప్పు పొడుస్తాడు. అందుకని ఆమె కుట్టు మిషను కింద దుప్పటి పరిచింది, కుర్చీలు ఎత్తి జరుపుతుంది, నాలుగేళ్ళ కూతురికి చప్పుడు కాకుండా నడవడం నేర్పింది.

డాక్టరు పిల్ల కాళ్ళు చూసి, లోపమేమీ లేదని, ఇంట్లో ఎలా నడుస్తుందని అడిగాడట. తిరిగి రాగానే ఆమె తిన్నగా వెళ్ళి కిందింటి తలుపు బాదింది.

"బాబాయ్ గారూ, పైన ఉన్నది దయ్యం కాదు, పసిపిల్ల. పగలు పరిగెడుతుంది. మీ కర్ర విరిగితే కొత్తది నేనే కొనిస్తా!"

ఆయన నోరు తెరిచేలోపే మెట్లెక్కి వచ్చి, "గెంతవే!" అంది కూతురితో. పిల్ల మునివేళ్ళ మీదే నిలబడి తల్లి మొహంలోకి చూసింది. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. తనే దబదబమని గదంతా గెంతింది. ఎదుటి గుమ్మంలో, ఏడుస్తున్న మా బాబు నోరు చేత్తో మూస్తున్న నన్ను చూసి కసిరింది.

"ఎవరో తిడతారని పిల్లాడి నోరు మూయకు తల్లీ. ఆ తిట్లేవో మనం పడదాం."

ఇప్పుడు మా వాడు గెంతుతున్నాడు. తిట్లు నేను పడుతున్నాను.