కొమ్ము సరిచేసిన మనిషి

మా ఆయనకు పేకాట రాదు. ముక్కల్లో రాణి ఎవరో జాకీ ఎవరో ఇప్పటికీ నన్నే అడుగుతారు. అలాంటి మనిషి ఆరేళ్ళుగా ఇంట్లో కూర్చుని పేకాట బిళ్ళలు తయారుచేస్తున్నారంటే జనం నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆటలో డబ్బుకు బదులు పెట్టే గుండ్రటి బిళ్ళలవి, చిప్స్ అంటారు. ఆ పేరు విని మా పక్కింటావిడ మొదట్లో గిన్నె పట్టుకుని వచ్చింది, నాలుగు వేయించినవి పెడతానేమోనని.

ఆయన ఉద్యోగం కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో. ఇరవై రెండేళ్ళుగా అద్దాలు అరగదీస్తున్నారు. అక్కడివాళ్ళు ఆయనకు పెట్టిన పేరు కొలబద్ద. ఊరికే పెట్టలేదు. గోడమీద కేలండరు వెంట్రుకవాసి వంకరగా ఉంటే ఆయనకు ముద్ద దిగదు. పరాయి ఇంటికి వెళ్ళినా అక్కడి పటాలు సరిచేసి వస్తారు. ఎవరితోనూ గట్టిగా ఒక మాట అనరు, నోట్లో వేలు పెడితే కొరకలేరు. బల్లి కనబడితే మాత్రం వీధిలోకి పరుగు. ఆ బల్లిని తోలేది నేను.

నేను లాండ్రీలో కౌంటర్ మీద కూర్చుంటాను. రోజుకు వందమంది వచ్చి, ఈ మరక మేం ఇచ్చినప్పుడు లేదండీ అంటారు. ఎవరు అబద్ధం ఆడుతున్నారో మొహం చూసి చెప్పగలనని నాకు గర్వం. ఆ గర్వమే మా కొంప ముంచింది.

వంటింటి పక్క సామాన్ల గదిలో ఆయన మిషను ఉంటుంది. దుకాణం ఎత్తేసిన ఒక పుస్తకాల బైండరు దగ్గర కొన్నది, ఇనుముది, ఇద్దరు మోయాలి. పైన హీటరు, దాని కింద ఇత్తడి అచ్చు, అచ్చుకీ బిళ్ళకీ మధ్య బంగారు రంగు రేకు చుట్ట. బిళ్ళను చట్రంలో పెట్టి, మీట లాగి, ఒక్క ఊపిరి పీల్చేంతసేపు నొక్కి వదలాలి. వేడి ఎక్కువైతే అక్షరాలు అలుక్కుపోతాయి, తక్కువైతే గోటితో గీరినా ఊడొస్తాయి. ఆ విద్య నేర్పింది బస్టాండు వెనక అచ్చులు చెక్కే మాస్టారు. ఆయనకిప్పుడు చూపు మందగించింది, లోహం మీద వేలు తిప్పి చెక్కుతారు. మా ఆయన ఆదివారం పొద్దున్నే తయారై వెళ్ళే ఇల్లు అదొక్కటే.

బిళ్ళలు ఎవరికంటే, తెలిసినవాళ్ళకే. తోటి ఉద్యోగి వాళ్ళమ్మగారి ముద్దుపేరుతో ఒక పెట్టె, మా మరిదికి వాడి కుక్క బొమ్మతో ఒక పెట్టె. సామాను ఖర్చు ఇస్తే చాలు. సరిగ్గా మధ్యలో పడిన ముద్రను కిటికీ దగ్గర వెలుగుకు తిప్పి చూసుకోవడమే ఆయన సంతోషం. చూసి, నన్ను పిలిచి, నాకూ చూపించి, మళ్ళీ తనే చూసుకునేవారు.

ఒక సెలవురోజు ఆయన స్నానంలో ఉండగా ఒకతను వచ్చాడు. మెత్తటి గొంతు, వినయం. చేతిలో అరిగిన బిళ్ళ ఒకటి, దానిమీద జింక తల, కింద అంకె.

"మా నాన్నగారివండీ. ఇల్లు మారుతుంటే మిగతావన్నీ పోయాయి. ఆయన పోయేలోపు ఇలాంటివే రెండొందలు చేయించి చేతిలో పెట్టాలని ఉందక్కా" అన్నాడు.

అక్కా అన్నాడు, నేను కరిగిపోయాను. మా ఆయన్ని అడగకుండానే సరేనన్నాను. వందమంది అబద్ధాలు పట్టే నాకు ఆ ఒక్కడి మొహంలో ఏమీ కనబడలేదు.

మాస్టారు అచ్చు చెక్కిచ్చారు, మా ఆయన మూడు వారాలు కూర్చుని కొట్టారు. అతను వచ్చి పట్టుకెళ్ళాడు. మేం మర్చిపోయాం.

రెండు నెలల తరవాత ఒక సోమవారం మా లాండ్రీకి కొత్త మూట వచ్చింది. పెద్ద రోడ్డు మీది పేకాట క్లబ్బు సిబ్బంది కోట్లు. లెక్కపెడుతూ ఒకటి తిరగేశాను. జేబుమీద జింక తల కుట్టి ఉంది.

"ఇవి రేపటికల్లా కావాలి. మా దగ్గర అంతా గందరగోళంగా ఉంది. ఎవడో దొంగ బిళ్ళలు తెచ్చి డబ్బు మార్చుకుపోయాడు. కౌంటర్ కుర్రాణ్ణి లోపలి గదిలో కూర్చోబెట్టి అడిగారు. వాడు తెలీదన్నాడు. ఇప్పుడు వాడి చేతికి కట్టు" అన్నాడు మూట తెచ్చినవాడు.

రసీదు మీద ఏం రాశానో తెలియదు. తలనొప్పి అని చెప్పి ఇంటికి వచ్చి, ఆయనకు ఫోన్ చేసి రప్పించి, తలుపు గడియ పెట్టి చెప్పాను.

ఆయన అడిగిన మొదటి మాట వినండి. "కోట్ల మీద జింకకు ఎడమ కొమ్ము కొస ఉందా?"

"మనిషికి చేయి విరిగిందంటే కొమ్ము సంగతి అడుగుతారేంటి?"

"అతను తెచ్చిన బిళ్ళమీద ఎడమ కొమ్ము కొస లేదు. వాళ్ళ అచ్చు విరిగిందనుకున్నాను. పాపం, వాళ్ళ నాన్న చూసుకుంటాడు కదా, బాగుండాలని మాస్టారితో ఆ ముక్క కలిపి చెక్కించాను."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, ఇదే. నాకు తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది. సామాన్ల గదిలోకి వెళ్ళి ఆ అచ్చు, వాడేసిన రేకు చుట్ట, చెడిపోయిన బిళ్ళలు అన్నీ సంచీలో వేసి రెండు వీధుల అవతల చెత్తబండిలో పడేసి వచ్చాను. దారిలో ఎవరు చూసినా నన్నే చూస్తున్నారనిపించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుగా ఉంది నా నడక.

పనికి సెలవు పెట్టి ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం, గురువారం మధ్యాహ్నం గంట మోగింది. గుమ్మంలో ఒక పెద్దమనిషి. చొక్కాకు ముడత లేదు. కాలరు చూడగానే అది మా లాండ్రీ ఇస్త్రీ అని నాకు తెలిసిపోయింది. బూట్లు విప్పి లోపలికి వచ్చి, మంచినీళ్ళు అడిగి తాగి, బల్లమీద రెండు బిళ్ళలు పెట్టాడు.

"క్లబ్బు నుంచి వచ్చాను. ఈ ఊళ్ళో ఇలాంటి మిషన్లు ఉన్న ఇళ్ళన్నీ తిరుగుతున్నాను. ఈ రెండింట్లో ఒకటి మాది కాదు. ఏదో చెప్పగలరా?"

మా ఆయన చూపు సరాసరి కొమ్ము మీదికే పోయింది. నేను గ్లాసు టక్కున పెట్టాను, ఆయన తల తిప్పేశారు.

"దొంగది మాదాని కన్నా బాగుంది, అందుకే దొరికింది" అన్నాడు పెద్దమనిషి. "మా అచ్చు ఇరవై ఏళ్ళ కిందటే విరిగింది, అలాగే వాడుతున్నాం. దొంగైతే ఉన్నది ఉన్నట్టు దించుతాడు. ఇది చేసినవాడికి వంకర చూస్తే నిద్ర పట్టదు. ఆ మనిషి కోసమే చూస్తున్నాను."

"దొరికితే ఏం చేస్తారండీ?" అన్నాను.

"పోలీసులకు ఇస్తాం. అంతకుముందు మావాళ్ళు మాట్లాడతారు." గోడమీద కేలండరు కేసి చూశాడు, అది తిన్నగా ఉంది. "ఏం సార్, ఇవి మీవేనా?"

"మా ఆయన పుట్టినరోజులకు పేర్లూ అవీ వేస్తారండీ, ఇలాంటివి ఎరగరు" అన్నాను.

"ఆయన్ని అడిగానమ్మా."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నా వంక చూశారు. నేను కళ్ళతోనే బతిమాలాను.

"కాదండీ" అన్నారు.

"మరి అచ్చులు చెక్కేదెవరు ఈ ఊళ్ళో?"

ఆయన పెదవి బిగించారు. అతను కదలడంలేదు. ఎలాగైనా అతను మా ఇంట్లోంచి లేవాలి, నాకు ఇంకో ఆలోచన లేదు.

"బస్టాండు వెనక ఒక ముసలాయన ఉన్నారు" అన్నాను.

అతను థాంక్స్ చెప్పి, బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు. బండి చప్పుడు వీధి మలుపు దాటాక గానీ నేను చేసిన పని నాకు తెలియలేదు. మాస్టారు ఒక్క మాట చెబితే చాలు, ఆ బండి మళ్ళీ మా గుమ్మానికే వస్తుంది. మా ఆయన ఫోన్ తీశారు, నేను లాక్కున్నాను. ఇప్పుడు చేస్తే అతను అక్కడే ఉంటాడు, దొరికిపోతాం అన్నాను. ఆయన పోట్లాడలేదు, కుర్చీలో కూర్చుండిపోయారు. సాయంత్రమంతా వీధిలో ఏ బండి ఆగినా నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. పాలవాడు, మేడమీది టీచరు, గ్యాస్ బండి. ఆ బండి మాత్రం రాలేదు.

రాలేదని నేను సంతోషించాను. అది కూడా చెప్పాలి.

పొద్దున్నే మాస్టారి కోడలు ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

"అక్కా, నిన్న ఎవరో వచ్చి మామయ్యకు ఏదో బిళ్ళ ఇచ్చారు. వేలితో తడిమి చూసి, నేనే చెక్కాను, కొట్టింది కూడా నేనే అన్నారు. వాళ్ళు తీసుకెళ్ళిపోయారు, రాత్రి ఇంటికి రాలేదు. మామయ్యకు గ్లాసులో నీళ్ళే సరిగా కనబడవు కదా, ఆయనెలా కొడతారక్కా? అన్నయ్యకేమైనా తెలుసా?"

ఫోన్ గొంతు గదంతా వినబడుతోంది. అన్నయ్య అక్కడే నిలబడి అంతా విన్నారు. ఆ కొమ్ము ఎవరు చెక్కించారో మాస్టారికి వేలు పెట్టగానే తెలిసి ఉంటుంది. తెలిసే మా పేరు ఎత్తలేదు.

ఆయన చొక్కా వేసుకుంటున్నారు. బొత్తాలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నారు, చూసుకోలేదు.

"ఎక్కడికి?"

"క్లబ్బుకి."

"చేయి విరిచినవాళ్ళండీ వాళ్ళు. మీ పని చేతుల్లోనే ఉంది."

"మాస్టారిది మాత్రం?" అన్నారు. "నాకూ భయంగానే ఉంది. నువ్వు ఇంట్లో ఉండు."

"ఆర్డరు తీసుకున్నది నేను. ముసలాయన ఇల్లు చూపించింది నేను. మీరక్కడ నోరు విప్పకండి, మీకు చెప్పడం రాదు. నేనే చెబుతాను."

తాళంచెవి తిరగేసి కన్నంలో పెట్టాను. ఆయన తీసుకుని వేశారు.

బస్సులో నాలుగు స్టాపులు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు మనసులో వల్లెవేసుకున్నాను. మమ్మల్ని ఒకడు మోసం చేశాడని, మాకు క్లబ్బు సంగతే తెలియదని, ముసలాయనకు చూపు లేదని. నా నోటికి తిరుగులేదని మా లాండ్రీ అంతా అంటుంది. క్లబ్బు గేటు దగ్గర కోట్లు తొడుక్కున్న నలుగురు నిలబడి ఉన్నారు, ఆ కోట్లలో మూడు నేను ఇస్త్రీ చేయించి పంపినవే. ఎవరు కావాలని అడిగారు. నేను నోరు తెరిచాను. మాట రాలేదు.

మా ఆయన నన్ను వెనక్కి జరిపి ముందుకు వచ్చారు.

"లోపలున్న ముసలాయన్ని ఇంటికి పంపండి. ఆయనకు కళ్ళు కనబడవు. ఆ బిళ్ళలు కొట్టింది నేను. నిన్న అబద్ధం ఆడాను."

అంత గట్టిగా ఆయన మాట్లాడగా పదహారేళ్ళ కాపురంలో నేను వినలేదు. ఇద్దరు చెరోపక్కా వచ్చి ఆయన మోచేతులు పట్టుకున్నారు. నేను వెనకనుంచి ఆయన చొక్కా గట్టిగా పట్టుకున్నాను. వదలమన్నారు. నేను వదల్లేదు, ముగ్గురితోపాటే లోపలికి వెళ్ళాను.