బెంటన్‌విల్ వినని రెండో చరణం

ముందు ఒక స్టీల్ గిటార్ మూలుగుతుంది. సాయంత్రపు వెలుతురును ఎవరో తడివేలితో పైనుంచి కిందికి నిమిరినట్టు, ఒక్కటే జారు. దాని వెనక సన్నగా ఆవిరి బుసకొడుతుంది. తర్వాత ఒక ఆడగొంతు వచ్చి, తనదేదో పోయిందని ఇంగ్లీషులో మొదలుపెడుతుంది. సరిగ్గా నలభై ఎనిమిది సెకన్లకి ఆ గొంతుని నిలువునా తుంచేసి ఇంకో గొంతు, మీ కాల్ మాకు చాలా ముఖ్యం, దయచేసి లైన్‌లోనే ఉండండి, అంటుంది. మళ్ళీ గిటార్ మూలుగుతుంది.

2006 నుంచి ఆరేళ్ళపాటు, ఆర్కాన్సాలోని బెంటన్‌విల్‌లో ఈ పాట తెలియని తెలుగువాడు ఉన్నాడంటే అతనికి వీసాతో పనిలేదని అర్థం. హాల్‌స్టెడ్ అనే ఇమిగ్రేషన్ లాయర్ ఆఫీసుకి ఫోన్ చేసి హోల్డ్‌లో పడ్డవాళ్ళంతా దాన్ని విన్నారు. క్యూబికల్‌లో గొంతు తగ్గించుకుని విన్నారు, పార్కింగ్ లాట్‌లో ఏసీ వేసుకుని విన్నారు, ఒకాయన రూట్ కెనాల్ చేయించుకుంటూ కూడా విన్నాడు. తలో వంటకం తెచ్చే పాట్‌లక్‌లో పులిహోర గిన్నె పట్టుకుని తమ పక్కనే నిలబడే జ్ఞానప్రసూనదే ఆ గొంతని మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియలేదు.

ఆమె 2003లో వచ్చింది. భర్త చక్రపాణి ఆ ఊరి పెద్ద రిటైల్ కంపెనీలో కాంట్రాక్టు టెస్టర్. పగలంతా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి, ఇంటికి రాగానే కళ్ళకీ చెవులకీ సెలవిచ్చేసేవాడు. ఆమెది భర్త మీద ఆధారపడ్డ వీసా. ఉద్యోగం చేయకూడదు. కారు నడపడం రాదు. వంటింటి రేడియోలో మూడు స్టేషన్లు పలికేవి. ఒకటి ప్రార్థనలు, ఒకటి పందుల ధరలు, మూడోది కంట్రీ పాటలు. మొదటి రెండూ తన జీవితానికి అంతగా వర్తించకపోవడంతో ఆమె మూడోదాన్ని పట్టుకుంది. ఆ పాటల్లో అందరికీ ఏదో ఒకటి పోతుండేది. ట్రక్కు పోయేది, కుక్క పోయేది, పొలం పోయేది, మొగుడు పోయేవాడు. పోయినదాని గురించి ఇంత హాయిగా, కాలిమీద కాలేసుకుని పాడుకోవచ్చని ఆమెకి అప్పుడే తెలిసింది.

2004 చలికాలంలో అపార్ట్‌మెంట్ నుంచి అద్దె ఇంటికి మారినప్పుడు ప్రెషర్ కుక్కర్ విజిల్ పోయింది. ఇండియన్ సామాను దొరికే ప్లేనో, టెక్సస్‌లో, ఐదారు గంటల దూరం. అక్కడున్న కనకదుర్గ అనే స్నేహితురాలు వెతికి వెతికి ఒకటి పంపింది గానీ, అది ఈ కుక్కర్‌కి పెళ్ళికొడుకు చెప్పుల్లా వదులు. విజిల్ లేని కుక్కర్‌లో కందిపప్పు ఉడకడానికి యాభై నిమిషాలు పడుతుంది. పొంగి స్టవ్ మీద పోతుంది కాబట్టి ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఆమెకి మిగతా పని ఉంటుంది. ఆవిరికి లాప్‌టాప్ పాడవుతుంది. అందుకని చక్రపాణి ఉత్తి చేతులతో స్టూల్ వేసుకుని స్టవ్ ముందు కూర్చునేవాడు. కూర్చుని ఏం చేస్తాడు, మాట్లాడేవాడు. చిన్నప్పుడు సైకిల్ మీద నుంచి పడ్డ కథ, లెక్కల మాస్టారి విగ్గు కథ, తనకి చీకటంటే ఉన్న భయం. పెళ్ళయ్యాక ఆమె ఆ మనిషిని మొదటిసారి చూసింది ఆ పప్పు ఆవిరి వెనకాలే.

నిజానికి విజిల్ మూడోరోజే దొరికింది. అట్టపెట్టెలో, ఉన్ని మేజోడు లోపల. జ్ఞానప్రసూన దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, మెంతుల డబ్బాలో అడుక్కి దింపి మూత పెట్టేసింది. నెలలు గడిచాయి. ఆ మాట మొగుడికి తెలుగులో చెప్పడానికి ఎన్నిసార్లు నోరు తెరిచినా నవ్వో సిగ్గో అడ్డం పడేది. తెలుగులో చెబితే అది దొంగతనంలా ఉంది. ఇంగ్లీషులో, గిటార్‌తో చెబితే పాటలా ఉంది.

అలా పాటయింది. పక్కింటి క్లైడ్ ఇళ్ళ చూరులకి వాననీటి గొట్టాలు బిగించే మనిషి. తీరికవేళల్లో స్టీల్ గిటార్ వాయిస్తాడు. గ్యారేజీ గోడలకి పాత పరుపులు కొట్టి రికార్డింగ్ గది చేసుకున్నాడు. వర్ణాలదాకా సంగీతం నేర్చుకున్న ఈమె బట్టలారేస్తూ తీసిన రాగం విని, కంచె అవతలినుంచి, గొంతుని అలా వణికించడం ఏ కౌంటీలో నేర్పుతారని అడిగాడు. 2005 వసంతంలో మూడు పాటలు రికార్డు చేశారు. అందులో కుక్కర్ పాటే ముఖ్యం. తాళానికి నిజం కుక్కర్‌నే పెట్టి దాని బుస పట్టారు. మొదటి చరణంలో విజిల్ పోతుంది. రెండో చరణంలో, ఎక్కడ దొరికిందో, ఎక్కడ దాచిందో, ఎందుకు దాచిందో, మొత్తం మొగుడితో ఒప్పేసుకుంటుంది. పాట అయ్యాక ఆమె ఇంటికి వెళ్ళి, ఇంట్లోనే దొరికిందంటూ విజిల్‌ని కుక్కర్‌కి పెట్టేసింది. మిగతాది పాట చెబుతుందని ధైర్యం.

పాట చెప్పలేదు. క్లైడ్ వంద సీడీలు చేయించాడు. కవర్ మీద అరువు టోపీలో జ్ఞానప్రసూన ఎండకి కళ్ళు చికిలించి ఉంటుంది. చక్రపాణి కవర్ చూసి సూపర్ అన్నాడు, వీకెండ్ వింటానన్నాడు. ఆ వీకెండ్ రాలేదు. ఒకసారి ప్లేనో వెళ్తూ కార్‌లో పెడితే, మొదటి చరణం అయ్యేసరికి హైదరాబాద్ టీమ్ నుంచి ఫోన్ వచ్చింది. ఇంకోసారి ఇంట్లో పెడితే అక్కడికే అతనికి నిద్రపట్టింది. దేదీప్య పుట్టాక ప్రతిసారీ అక్కడికే పాప ఏడ్చేది. అమ్ముడుపోని సీడీలని జ్ఞానప్రసూన బీరపందిరికి దారంతో కట్టింది, పిట్టలు రాకుండా. గాలికి అవి తిరుగుతుంటే పెరడంతా చిన్నచిన్న సూర్యుళ్ళు పరుగెత్తేవి. పిట్టలు వాటిని చూడటానికే వచ్చేవి.

ఆ సమయంలోనే లాయర్ హాల్‌స్టెడ్‌కి ఫోన్‌లో వేయడానికి ఓ పాట కావలసి వచ్చింది. అతని టెలిఫోన్లు బిగించింది క్లైడ్ బావమరిది. మిషన్‌లో నలభై ఎనిమిది సెకన్లే పడతాయన్నాడు. హాల్‌స్టెడ్ న్యాయంగల మనిషి. ఆమె వీసాకి భంగం రాకుండా, ఈ పాట వల్ల ఆమెకి ఎప్పటికీ, ఏ రూపంలోనూ, ఏమీ ముట్టబోదని మూడు పేజీల కాంట్రాక్టు రాయించి సంతకం పెట్టించుకున్నాడు. జ్ఞానప్రసూన దాన్ని ఫ్రేము కట్టించింది.

చక్రపాణి కూడా నెలకోసారి అక్కడికి ఫోన్ చేసేవాడు, గ్రీన్‌కార్డు ఎక్కడిదాకా వచ్చిందని. హోల్డ్‌లో పడగానే స్పీకర్ గొంతు పూర్తిగా తగ్గించి, ఎర్రలైటు మీద ఒక కన్నేసి పని చేసుకునేవాడు.

2009లో లోకేష్ అనే బాచిలర్ కుర్రాడికి పదకొండు సార్లు పాట విన్నాక వీసా పని అయింది. "పదకొండు సార్లన్నా, నేను లెక్కబెట్టిన," అని చెప్పాడు అందరికీ. "పన్నెండోసారి షురూ అయితుంటే వాండా ఎత్తింది. ఎత్తుడు ఎత్తుడే అప్రూవ్డ్ అన్నది." మర్నాటినుంచి అది సెంటిమెంట్ అయింది. వారం తిరక్కుండా ప్లేనోకి, నెల తిరక్కుండా ఎక్కడో నార్త్ కరోలినాలోని క్యారీకి పాకింది. హాల్‌స్టెడ్ తమ లాయర్ కాకపోయినా ఫోన్లు చేశారు. తలస్నానం చేసి చేశారు. స్పీకర్ ఆన్ చేసి దేవుడి ముందు పెట్టి, కళ్ళు మూసుకుని, పోయిన విజిల్ కోసం ఇంగ్లీషులో ఏడుస్తున్న ఆడమనిషికి దణ్ణం పెట్టుకున్నారు.

రిసెప్షనిస్టు వాండాకి ప్రాణం విసిగిపోయింది. ఆమె ఫోన్ ఎత్తి, చెప్పండి సార్, అంటే అవతలివాళ్ళు కంగారుపడేవాళ్ళు. మేడమ్, ఇంకా నాలుగుసార్లు బాకీ ఉంది, దయచేసి మళ్ళీ హోల్డ్‌లో పెట్టండి, అని బతిమాలేవాళ్ళు. ఎవరికీ ఏ సాయమూ అక్కర్లేని ఆఫీసులో లైన్లన్నీ రోజంతా నిండి ఉండేవి.

గొంతు ఎవరిదో బయటపడ్డాక జ్ఞానప్రసూనని గృహప్రవేశాలకి పిలవసాగారు. మొదటి చరణం ఒక్కటే చాలక్కా, రెండోది ఎవరికీ తెలీదు, ఎందుకొచ్చిన రిస్క్, అని ముందే చెప్పేవాళ్ళు. ఒక ఇంట్లో ఆమె తెగించింది. చక్రపాణి ముందు వరసలోనే ఉన్నాడు. మొదటి చరణం ముగించి, ఊపిరి తీసుకుని, రెండోదానికి నోరు తెరిచింది. ఆ ఒక్క క్షణం ఖాళీలో నలభైమంది ఒక్కగొంతుతో, అలవాటుకొద్దీ, యువర్ కాల్ ఈజ్ ఇంపార్టెంట్ టు అస్, అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఇంటావిడ వచ్చి బొట్టుపెట్టి జాకెట్టుముక్క చేతిలో పెట్టింది.

కార్‌లో చక్రపాణి బాగా పాడావన్నాడు.

"ఇంకా ఉందండీ ఆ పాట."

"ఉంటుంది. అక్కడ ఆపితేనే అందం."

జ్ఞానప్రసూన కిటికీ వైపు తిరిగింది. ఇన్ని వేలమంది వినడం కాదు ఆమెకి కావలసింది. ఒక్క మనిషి, మూడు నిమిషాల ఇరవై సెకన్లు. ఆ మనిషి పక్కసీటులోనే కూర్చుని ఇండికేటర్ వేస్తున్నాడు.

2012 మార్చిలో హాల్‌స్టెడ్ ఆమెని పిలిచి ఎంతో మర్యాదగా చెప్పాడు, సోమవారం నుంచి పియానో పెడుతున్నామని. ఇక ఆఫీసు నడవడం లేదన్నాడు. ఆమె ఒకటే అడిగింది. కొత్త ఫోన్ మిషన్‌లో ఎంత పాటైనా పడుతుందట కదా, శుక్రవారం ఒక్కరోజు మొత్తం పాట వేయండి. కాంట్రాక్టులో అడ్డం వచ్చే వాక్యమేదీ దొరక్క అతను ఒప్పుకున్నాడు.

శుక్రవారం పొద్దున బాక్సు కడుతూ మొగుడితో అంది, "ఇవాళ మన ఫైల్ సంగతి ఒకసారి కనుక్కోండి. స్పీకర్ తగ్గించకండి."

"ఇవాళ రిలీజ్ ఉందే."

"ఇవాళే కనుక్కోండి," అంది.

తొమ్మిదింటికి ఫోన్లు మొదలయ్యాయి. నలభై ఎనిమిదో సెకను వచ్చింది, వెళ్ళింది. తుంచే గొంతు రాలేదు. పాట నడుస్తూనే ఉంది. కట్ట తెగిందని తెలిసిన ఊళ్ళో గొడ్లు పరుగెత్తినట్టు, అందరూ ఠక్కున ఫోన్లు పెట్టేశారు. పదిన్నరకి లోకేష్ జ్ఞానప్రసూనకే ఫోన్ చేశాడు.

"అక్కా, పాట ఆగుతలేదు. ఏమైందక్కా?"

"ఏం కాలేదు తమ్ముడూ. చివరిదాకా విను."

"వద్దక్కా. గ్రీన్‌కార్డు దగ్గరికొచ్చింది నాది."

పెట్టేశాడు. మధ్యాహ్నానికి ఆఫీసే మూతపడిందని క్యారీదాకా మాట పోయింది. రెండింటికల్లా లైన్లు నిశ్శబ్దమయ్యాయి. అప్పుడు జ్ఞానప్రసూనకి కొత్త భయం పట్టుకుంది. ఎవరూ ఫోన్ చేయకపోతే వాండా ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉంటే మొదటి రింగుకే ఎత్తి జవాబు చెప్పేస్తుంది. చక్రపాణి హోల్డ్‌లోనే పడడు. ఆమె వాండాకి ఫోన్ చేసి, మా ఆయన చేస్తే నువ్వు ఖాళీగా ఉన్నా సరే ఆగమనమని బతిమాలింది. మూడేళ్ళుగా మీవాళ్ళంతా నన్నడిగేది అదేగా, అంది వాండా.

నాలుగున్నరకి అతను చేశాడు. తర్వాత జరిగింది వాండా చెబితేనే తెలిసింది. ఆమె అతన్ని హోల్డ్‌లో పెట్టి, జ్ఞానప్రసూన ఎప్పుడో ఇచ్చిన చేగోడీలు కొరుకుతూ ఎర్రలైటునే చూస్తూ కూర్చుంది. నిమిషం గడిచింది. లైటు ఆరలేదు. రెండు, మూడు. ఆరలేదు. పాట పూర్తయి మళ్ళీ మొదలయ్యాక ఆమె ఫోన్ ఎత్తి, మీ ఫైల్ నంబర్ చెప్పండి సార్, అంది. ఫైల్ సంగతి తర్వాత చూద్దాం, నన్ను ఇంకొక్కసారి హోల్డ్‌లో పెట్టండి, అన్నాడట చక్రపాణి.

ఆరింటికి ఇంటికొచ్చాడు. బూట్లు విప్పలేదు. అప్పుడే పప్పు పెట్టిన కుక్కర్ స్టవ్ మీద ఉంది. దాని విజిల్ తీసి గట్టు మీద పెట్టి, మూత తెరిచాడు. స్టూల్ లాక్కుని స్టవ్ ముందు కూర్చున్నాడు.

ఐదేళ్ళ దేదీప్య ఈతబట్టలతో గుమ్మంలోకి వచ్చింది. "అమ్మా, నాన్న వై కుక్కర్‌ని చూస్తుంది?"

జ్ఞానప్రసూన సింకు దగ్గర కొళాయి కట్టేసింది.

"మెంతుల డబ్బాలోనా?" అన్నాడు చక్రపాణి, కుక్కర్ వైపే చూస్తూ.

"ఊఁ."

"ఎన్నాళ్ళు?"

"నాలుగు నెలలు."

"నేను అప్పుడు ప్లేనోలో ఉన్న ప్రతివాడికీ ఫోన్ చేసి, విజిల్ విజిల్ అని దేబిరించాను."

"విన్నాను. పక్కనే ఉన్నాగా," అంది. ఆమె గొంతు వణికింది. ఈసారి అది సంగీతం కాదు. "పెట్టేయండి ఇంక. పాపకి స్విమ్మింగ్ క్లాసుంది, యాభై నిమిషాలు ఎక్కడున్నాయి మనకి?"

"లేట్‌గా తీసుకెళ్తాలే," అన్నాడు. పప్పు మీద నురగ లేచింది. గరిటె అందుకుని మెల్లగా పక్కకి జరిపాడు. కాసేపటికి, వాళ్ళ లెక్కల మాస్టారి విగ్గు ఒకసారి ఫ్యానుకి చిక్కుకున్న సంగతి చెప్పాడు. ఆమెకి అది తెలిసిన కథే. కొత్తగా విన్నట్టు గట్టు పక్కన నిలబడి వింది. దేదీప్య ఆరోజు ఈతకి వెళ్ళనేలేదు.

సోమవారం నుంచి పియానో వచ్చింది. ఎవరి ఫైలూ ఆగలేదు, ఎవరిదీ పరుగెత్తలేదు. క్లైడ్ గ్యారేజీలో పరుపులు ఇంకా ఉన్నాయి, వాటి మీద ఇప్పుడు అతని కుక్క పడుకుంటుంది. 2015లో ఆమెలాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకి పని చేసే అనుమతి వచ్చింది. అప్లికేషన్‌లో వృత్తి అన్నచోట జ్ఞానప్రసూన, కాస్త ఆలోచించి, గాయని అని రాసింది. ఆ వేసవిలోనే ఈ కథంతా నాకు చెప్పింది, బీరపందిరి కింద కుర్చీలు వేయించి. చక్రపాణి ఆ పాట గురించి తర్వాతెప్పుడైనా ఏమన్నా అన్నారా అని అడిగితే, ఒక బీరకాయ తెంపి ఒళ్ళో వేసుకుని, నవ్వాపుకుంటూ అంది:

"ఆ పాటలో చిట్టచివరి లైన్లో శ్రుతి కొంచెం జారిందన్నారు. నిజంగానే జారిందండీ. ఇన్నేళ్ళలో అక్కడిదాకా వచ్చి ఆ మాట అన్నవాళ్ళు లేరు."